ఇంట్లో రివాల్వర్ ఉంది, మా ఆవిడ ముట్టుకోనంటోంది. నేను లేని రాత్రి ఆమెకు రక్షణ ఏమిటి? (బెంగళూరు)

అనంతపురం_ఫౌజీ
అందరికీ నమస్కారం. ఆర్మీలో 17 ఏళ్లు చేసి బయటికొచ్చాను. ఇప్పుడు హొసకోట వైపు ఒక ఫ్యాక్టరీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ. కె.ఆర్.పురం దగ్గర టి.సి.పాళ్యలో అద్దెకుంటున్నాం. ఇండిపెండెంట్ ఇల్లు, కింద ఓనరు, మొదటి అంతస్తులో మేము, పైన డాబా. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప.

పోయిన నెల మాకు రెండిళ్ల అవతల దొంగలు పడ్డారు. ఇంట్లోవాళ్లు నిద్రపోతుండగానే బీరువా ఖాళీ చేసి పోయారు. ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నా. పొద్దున ఆరున్నరకి ఇంటికొస్తే మా ఆవిడ పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని, ఇంట్లో లైట్లన్నీ వేసుకుని హాల్లో కూర్చుని ఉంది.

నా దగ్గర లైసెన్స్ ఉన్న .32 రివాల్వర్ ఉంది. నేర్పిస్తాను, నీ పేరు మీద కూడా లైసెన్స్‌కి పెడదాం అని మూడుసార్లు అడిగాను. ముట్టుకోను అంటోంది. నేను బలవంతపెట్టదలచుకోలేదు. కానీ ఆమె చేతిలో ఏదో ఒకటి లేకపోతే నాకు డ్యూటీలో మనసు నిలవడంలేదు. పెప్పర్ స్ప్రేనా, కరెంటు షాకిచ్చేదా, కుక్కా, ఇంకేమైనానా? వాడినవాళ్లు చెప్పండి.

షూటింగ్_రేంజ్
అన్నా, అలవాటు లేక భయం. ఒక్కసారి రేంజ్‌కి తీసుకెళ్లి పాయింట్ 22తో పేపర్ టార్గెట్ కొట్టించు, సగం భయం అక్కడే పోతుంది. మన దేశంలో ఆడవాళ్ల కోసమనే 2014లో కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వాళ్లు ‘నిర్భీక్’ అని తేలికపాటి .32 రివాల్వర్ తెచ్చారు, అరకిలో బరువే. మా ఆఫీసులో కొడగు అతను ఉన్నాడు, వాళ్ల ఇళ్లల్లో తుపాకీ అంటే పూజ చేసే వస్తువు, ఆడవాళ్లూ పేలుస్తారు. వాళ్లకైతే లైసెన్స్ మినహాయింపు కూడా 2029 వరకు ఉంది. అలవాటు చేస్తే అవుతుంది.

మేయోహాల్_వకీలు
తమ్ముడూ, కొడవల (కొడగువాళ్ల) సంప్రదాయం కొడవలది. ఆ మినహాయింపు బ్రిటిష్‌వాళ్ల కాలం నుంచి వస్తోంది, మనకు వర్తించదు. మనకు ఆయుధాల చట్టం, 1959. బెంగళూరు నగరంలో లైసెన్స్ ఇచ్చేది పోలీస్ కమిషనర్. లైసెన్స్ ఎవరి పేర ఉంటే ఆయుధం వాళ్ల బాధ్యత. ఫౌజీగారు డ్యూటీకి వెళ్తూ ‘నీ దగ్గర ఉంచుకో’ అని భార్య చేతికిచ్చి వెళ్లడం కుదరదు. ఆమెకు వేరే లైసెన్స్ కావాలి, దానికి శిక్షణ, పోలీసు విచారణ అన్నీ ఉంటాయి.

ఇంకో మాట. ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్ల ఉంది కాబట్టి రివాల్వర్ ఎలాగూ బీరువాలో తాళంలో ఉంటుంది, ఉండాలి కూడా. రాత్రి రెండింటికి చప్పుడు వినబడితే నిద్రలోంచి లేచి, తాళంచెవి వెతికి, బీరువా తెరిచి, తూటాలు వేసి... అప్పటికి జరగాల్సింది జరిగిపోతుంది. నా లెక్కలో ఆ ఇంటికి అది ఉన్నా లేనట్టే.

బెళ్ళందూరు_అమ్మాయి
పెప్పర్ స్ప్రే గురించి నేను చెప్తాను, నాలుగేళ్లుగా నా బ్యాగులో ఉంటుంది. లైసెన్స్ అక్కర్లేదు, మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కానీ కొని డ్రాయర్‌లో పడేస్తే దండగ.

కొన్న వారానికి నేనూ మా రూమ్మేటూ డాబా మీదకెళ్లి ఒక పాత డబ్బా కొట్టేసి చూశాం. గోడకి అట్టముక్క ఆనించి, ఏడెనిమిది అడుగుల దూరం నుంచి. మొదటిసారి మూత ఎటు తిప్పాలో తెలియక నేనే నాలుగైదు సెకన్లు తడబడ్డాను. రెండోసారి కొట్టేసరికి గాలి కొంచెం ఇటు తిరిగింది. అంతే, ఇద్దరం అరగంట సేపు డాబా మీద ట్యాంకు కుళాయి దగ్గర కళ్లు కడుక్కుంటూ కూర్చున్నాం. దగ్గు వేరే. బయట, గాలి ఆడేచోటే అలా ఉంటే, తలుపులు మూసి ఫ్యాన్ తిరుగుతున్న పదడుగుల గదిలో ఎలా ఉంటుందో ఊహించుకోండి. పక్కన పాప కూడా ఉంటుంది.

ఇంట్లో కోసమైతే పొగలా విరజిమ్మేది వద్దు. సన్నటి ధారలా పడేది, లేదా జెల్ తీసుకోండి, అది గాల్లో అంత వ్యాపించదు. డబ్బా మీద గడువు తేదీ చూడండి, తర్వాత లోపల ఒత్తిడి తగ్గిపోయి ధార కాళ్ల దగ్గరే పడుతుంది. ఎండలో పెట్టిన కారులో మాత్రం వదలొద్దు. కళ్లల్లో పడితే రుద్దకుండా నీళ్లతో కడుగుతూనే ఉండాలి.

కారంపొడి సీసా పెట్టుకోమని మా అమ్మ చెప్తుంది. అదీ ఇంతే, ఫ్యాన్ కింద చల్లితే మన కళ్లల్లోకే వస్తుంది.

షూటింగ్_రేంజ్
మరి ఆ టార్చిలైట్ లాంటి షాక్ మెషీన్లు?

బెళ్ళందూరు_అమ్మాయి
అది పనిచేయాలంటే మనిషికి ఆనించాలి. అంటే చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వాణ్ని రానివ్వాలి. నాకైతే ఆ ఆలోచనే నచ్చదు.

కరీంనగర్_కాకా
నేను బనశంకరిల కొడుకు దగ్గర ఉంటున్న. కుక్కను పెంచుకో తమ్మీ. దొంగకు తుపాకీ కనవడది, కుక్క మొరిగేది మాత్రం వీధి చివర్నుంచే వినవడ్తది. మా కొడుకు ముధోళ్ కుక్క తెస్తానన్నడు, ఈ కర్ణాటకదే, బాగల్‌కోట దిక్కు. నేనే వద్దన్న. అది ఉరికే కుక్క, దానికి మైదానం కావాలె, 30 బై 40 సైటుల ఇంట్ల కట్టేస్తే దానికి పాపం మనకు గోస. మామూలు వీధి కుక్కపిల్లను తెచ్చి పెంచినం, సూదులేయించి కార్పొరేషన్ల రాయించినం. గేటు కాడ ఆకు రాలినా లేస్తది. కానీ ఒక్కటి, పదేండ్ల పని అది. రాత్రి కావలి కోసమని తెచ్చి పగలు పట్టించుకోకపోతే తేవద్దు.

వేళచ్చేరి_తలుపులు
ఫౌజీ అన్నా, నాది నెల్లూరు జిల్లా, చెన్నైలో 22 ఏళ్లుగా వడ్రంగం పని, తలుపులు కిటికీలు బిగిస్తాను. ఇందాకటి నుంచి అందరూ దొంగ లోపలికి వచ్చాక ఏం చెయ్యాలో చెప్తున్నారు. నేను రాకుండా చెయ్యడం చెప్తాను. దొంగలు పడ్డ ఇళ్లకు మర్నాడు పొద్దున పిలిచేది మమ్మల్నే, పగిలింది బాగుచెయ్యమని. అందుకని ఎక్కడ పగులుతుందో నాకు తెలుసు.

తలుపు టేకుదే ఉంటుంది, దానికి ఏమీ కాదు. తాళం కూడా గట్టిదే ఉంటుంది, దానికీ ఏమీ కాదు. ఊడొచ్చేది ఎదురుగా దర్వాజాకి ఉండే ఆ చిన్న ఇనుప రేకు, గడియ నాలుక దూరేది. దాన్ని చాలామంది ముప్పావు అంగుళం స్క్రూలతో బిగిస్తారు. గట్టిగా రెండు తన్నులు తంతే స్క్రూలతో సహా చెక్క పెచ్చు లేచిపోతుంది. మీరు ఇప్పుడే వెళ్లి మీ ఇంటి రేకు స్క్రూ ఒకటి విప్పి చూడండి. మీ చిటికెనవేలి గోరంత ఉంటే మార్చాల్సిందే. రెండున్నర అంగుళాల స్క్రూలు, మందపాటి రేకు వెయ్యండి. స్క్రూలకు వంద రూపాయలు కాదు.

తలుపుకి పైనా కిందా లోపలి టవర్ బోల్టులు ఉంటాయి కదా, చాలా ఇళ్లల్లో కిందిది వెయ్యరు, వంగడం బద్ధకం. రెండూ వెయ్యండి. మేజిక్ ఐ, అదే బయట ఎవరున్నారో చూసే చిన్న కన్నం, మీ ఆవిడ ఎత్తుకి ఉందో లేదో చూడండి, చాలా ఇళ్లల్లో అది మగవాళ్ల ఎత్తుకి పెట్టి వదిలేస్తాం, తప్పు మాదే.

ముఖ్యమైంది ఇప్పుడు చెప్తా. మీది పై అంతస్తు అన్నారు, పైన డాబా. మెట్ల గది తలుపు ఎలా ఉంది? ముందు వాకిలికి పాతికవేల తలుపు పెట్టి, డాబా మెట్ల మీద తలుపుకి పల్చటి రేకు కొట్టి, ఒక చిన్న గడియ వేసి వదిలేసిన ఇళ్లు వందల్లో చూశాను. పక్కింటి డాబా మీంచి మీ డాబా మీదకి ఒక అడుగు. ఆ తలుపు సంగతి చూసి చెప్పండి.

అనంతపురం_ఫౌజీ
ఇప్పుడే టార్చి తీసుకుని చూసొచ్చాను. మీరు చెప్పినట్టే ఉంది. పల్చటి రేకు, కింద తుప్పు పట్టి చెయ్యి దూరేంత సందు. బందులు బయటివైపు ఉన్నాయి. పిన్ను పైకి కొడితే తలుపే ఊడి వస్తుంది. రెండేళ్లుగా దాని పక్కనే బట్టలు ఆరేస్తున్నాం. ముందు తలుపు రేకుకి ముప్పావు అంగుళం కూడా లేదు, అరంగుళమే. ఇన్నేళ్లు డిపోలకు కాపలా కాసినవాణ్ని, నా ఇంటి మీద ఈ చూపు పెట్టలేదు. బాధగా ఉంది.

కరీంనగర్_కాకా
బాధ ఎందుకు, ఇప్పుడన్న చూసినవ్.

రిటైర్డ్_హెచ్‌సీ
నేను ఆంధ్రా పోలీసులో హెడ్‌కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు రామమూర్తినగర్‌లో అమ్మాయి దగ్గర. ఫోన్ గురించి చెప్తాను, ఎందుకంటే అందరూ ‘112 కొడితే చాలు’ అనుకుంటారు.

112 కొట్టండి, ఇక్కడ హొయ్సళ అనే పోలీసు గస్తీ బండి వస్తుంది. కానీ బెంగళూరు అడ్రసులు తెలుసుగా, ఐదో మెయిన్ మూడో క్రాస్ అంటే అలాంటివి ఊళ్లో వంద. భయంలో ఉన్న మనిషి నోట లేఅవుట్ పేరు రాదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ ఛార్జర్ పెట్టేచోట గోడకి అంటించండి: ఇంటి నంబరు, మెయిన్, క్రాస్, లేఅవుట్, దగ్గర్లో గుడో స్కూలో ఏదో ఒక గుర్తు, ఏ పోలీస్ స్టేషన్ కిందికి వస్తుంది. మొదట అడ్రసు చెప్పాలి, తర్వాత సంగతి. మధ్యలో ఫోన్ పోయినా అడ్రసు చేరి ఉంటుంది. ఆ కాగితం కన్నడంలో రాస్తే ఇంకా మంచిది.

ఇంకా, ఫోన్లో ఎమర్జెన్సీ బటన్ ఎలా పనిచేస్తుందో మీ సెట్టింగుల్లో చూసుకుని పెట్టుకోండి. కొన్నిట్లో పవర్ బటన్ మూడుసార్లు, కొన్నిట్లో ఐదుసార్లు. ఫౌజీగారి నంబరు అందులో ఉండొచ్చు కానీ ఆయన ఎక్కడో హొసకోటలో ఉంటారు. మొదటి నంబరు కింది అంతస్తులో ఉండే ఇంటి ఓనరుది, రెండోది ఎదురింటివాళ్లది ఉండాలి. ఇల్లు తాళం వేసి ఊరెళ్లేటప్పుడు స్టేషన్‌లో చెప్పి వెళ్లండి, మన ఆంధ్రాలో ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ల మీద పోలీసు నిఘా) అని దానికోసమే పెట్టారు, ఇక్కడా బీటు వాళ్లకి చెప్తే ఒక కన్నేసి ఉంచుతారు.

షూటింగ్_రేంజ్
ఇవన్నీ బాగానే ఉన్నాయి సార్. కానీ తలుపు పగిలిపోయింది, పోలీసులు రావడానికి పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలు ఏంటి? నేను అడిగేది అదే.

ఫౌజీ_ఇంటావిడ
నమస్తే. నేను ఆయన భార్యని. మూడురోజుల నుంచి ఈయన ఫోన్ చూసుకుంటూ మేడ మీదకీ కిందకీ తిరుగుతుంటే అడిగాను, ఇది చూపించారు. నా గురించే మాట్లాడుకుంటున్నారు కాబట్టి నేనే చెప్తాను.

తుపాకీ అంటే నాకేదో చిన్నప్పటి భయం అని ఈయన అనుకుంటున్నారు. అదేం లేదు. మాది హిందూపురం దగ్గర పల్లె, పందులకి నాటుబాంబులు పెట్టేవాళ్లని, కత్తులని అన్నీ చూశాను. నేనెందుకు వద్దంటున్నానో ఈయనకు ఎప్పుడూ చెప్పలేదు.

రెండేళ్ల కిందట, వానాకాలం. నైట్ డ్యూటీ అని వెళ్లారు. రాత్రి రెండుంబావుకి కరెంటు లేదు. మెట్ల మీద బూట్ల చప్పుడు. తర్వాత తాళంలో చెవి తిరుగుతున్న చప్పుడు. పొద్దున ఆరున్నర దాకా ఈయన రారు కదా. నేను వంటింటి తలుపు వెనక నిలబడ్డాను. చేతికి చపాతీల కర్ర దొరికింది. తలుపు తెరుచుకుంది, నల్లటి రెయిన్‌కోటు, తలమీద టోపీ. కర్ర పైకెత్తాను. అప్పుడు ఆ మనిషి దగ్గాడు. ఆ దగ్గు ఈయనది. ఫ్యాక్టరీలోకి నీళ్లొచ్చాయని షిఫ్టు ముందే వదిలేశారట. పాప లేస్తుందని ఫోన్ చెయ్యలేదట. నేను కర్ర కింద పెట్టి, అన్నం తింటారా అని అడిగాను. ఇంకేం చెప్పలేదు.

ఆ రాత్రి నా చేతిలో ఉంది కర్ర కాబట్టి దగ్గు వినడానికి టైమ్ దొరికింది. అంతకంటే నేను చెప్పలేను. రేంజ్‌లో కాగితాన్ని నేను కొట్టగలను తమ్ముడూ. మా ఇంటి వాకిట్లో చీకట్లో ఎవరున్నారో నాకు తెలియదు.

నాకు కావాల్సింది నా చేతిలో ఆయుధం కాదు. నేనూ పాపా ఒక గదిలోకి వెళ్లి లోపల గడియ వేసుకుంటే, ఎవరైనా వచ్చేదాకా ఆ తలుపు ఆగాలి. పడగ్గది తలుపు ఎవరన్నా చూశారా? దానికున్నది బాత్రూమ్ తలుపుకుండే గడియ.

అనంతపురం_ఫౌజీ
ఆ రాత్రి సంగతి నాకు ఇవాళే తెలిసింది. ఆమె రాసింది నేను నాలుగుసార్లు చదివాను. రివాల్వర్ మాట ఇక ఎత్తను. ఇవాళ్టి నుంచి వేళకాని వేళ వస్తే గేటు దగ్గర నిలబడి ఫోన్ చేసి, ఆమె పలికాకే మెట్లెక్కుతాను.

షూటింగ్_రేంజ్
అక్కా, క్షమించండి. నేను మీది భయం అన్నాను, అది తప్పు మాట.

వేళచ్చేరి_తలుపులు
అమ్మా, మీరు చెప్పిందే సరైన పని. పడగ్గది తలుపులు చాలావరకు ఫ్లష్ డోర్లు. లోపల గట్టిచెక్క ఉన్న రకమా, డొల్ల రకమా అని వేళ్లతో కొట్టి చూడండి. డొల్లదైతే మార్చమని ఓనరుని అడగండి. గట్టిదైతే లోపలివైపు పైనా కిందా ఎనిమిదంగుళాల బోల్టులు, మధ్యలో ఒక ఆల్‌డ్రాప్ (అడ్డంగా జరిపే పెద్ద గడియ). బోల్టు దూరే కన్నం పైన చెక్కలో, కింద ఫ్లోరింగ్‌లో కనీసం అంగుళం లోతు ఉండాలి. చాలాచోట్ల టైలు మందమే ఉంటుంది, అది చాలదు.

ఒక జాగ్రత్త. లోపలినుంచి తాళంచెవితో మాత్రమే తెరుచుకునే తాళం ఏ తలుపుకీ పెట్టొద్దు. సిలిండరు లీకైనా, నిప్పంటుకున్నా చెవి కోసం వెతికే పరిస్థితి రాకూడదు. ఆ గది కిటికీ గ్రిల్ తెరుచుకునే రకమైతే దాని చెవి అక్కడే, పాపకి తెలిసేచోట మేకుకి తగిలించండి. కిటికీ బయటినుంచి మాత్రం ఆ చెవి అందకూడదు.

బెళ్ళందూరు_అమ్మాయి
అక్కా, అయితే స్ప్రే ఒకటి ఆ గదిలో ఉంచుకోండి, పాపకు అందనంత ఎత్తులో. తలుపు ఊడిపోయే పరిస్థితి వస్తే ఆఖరికి. దానికన్నా ముందు విజిల్, స్పోర్ట్స్ షాపులో దొరికే రిఫరీ విజిల్. గొంతు భయానికి పూడుకుపోతుంది, విజిల్ పూడుకుపోదు. కిటికీ దగ్గర నిలబడి ఊదితే వీధి మొత్తం లేస్తుంది.

మేయోహాల్_వకీలు
చట్టం విషయం ఒకసారి స్పష్టంగా చెప్పేస్తాను, చాలామందికి ‘దొంగని కొడితే మనమీదే కేసు’ అన్న భయం ఉంటుంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే, పాత 96 నుంచి 106. ఒంటికీ ఆస్తికీ, మనదానికీ ఇతరులదానికీ వర్తిస్తుంది. రాత్రిపూట తలుపులు పగలగొట్టి ఇంట్లోకి చొరబడటాన్ని చట్టం చాలా తీవ్రంగా చూస్తుంది, 41వ సెక్షన్ చూడండి. కాబట్టి మీ ఇంట్లో మీ పాపని కాపాడుకోడానికి మీరు కర్ర ఎత్తడానికి భయపడక్కర్లేదమ్మా.

హద్దు 37వ సెక్షన్‌లో ఉంది. అవసరమైనదానికన్నా ఎక్కువ హాని చెయ్యకూడదు. వాడు తిరిగి పారిపోతుంటే వెనకనుంచి కొట్టడం, పట్టుకుని కట్టేసి కొట్టడం రక్షణ కిందికి రాదు. పెప్పర్ స్ప్రే కూడా అంతే. ఒక ఆస్తి గొడవలో స్ప్రే కొట్టారన్న కేసుని కొట్టేయమని వెళ్తే 2024లో కర్ణాటక హైకోర్టు ఒప్పుకోలేదు, అక్కడ ప్రాణాపాయం లేదు, స్ప్రే ప్రమాదకరమైన ఆయుధమేనని అంది. ఇంట్లో చొరబడినవాడి మీద వాడటం వేరు, పార్కింగ్ గొడవలో వాడటం వేరు.

దిండు కింద పెద్ద కత్తి పెట్టుకునేవాళ్లున్నారు, వద్దు. లాక్కుంటే అది వాడి చేతిలో ఉంటుంది.

రిటైర్డ్_హెచ్‌సీ
అమ్మా, ఒకసారి పగలే ఆడి చూడండి. పాపకు ఒక మాట నేర్పండి, ఆ మాట వినగానే ఎక్కడున్నా పడగ్గదికి పరిగెత్తాలి. ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కపెట్టండి. లైట్లు ఆర్పి కూడా.

ఫౌజీ_ఇంటావిడ
చేశాం సార్. ఆదివారం సాయంత్రం. మొదటిసారి 40 సెకన్లు పట్టింది, పాప తన కుందేలు బొమ్మ కోసం వెనక్కి వెళ్లింది. ఇప్పుడు ఆ బొమ్మ పడగ్గదిలోనే ఉంటుంది. మూడోసారికి 14. చీకట్లో 20. నాలుగోసారి నా కాలికి స్టూలు తగిలింది, దాన్ని అక్కడినుంచి తీసేశాం. ఛార్జరు, అడ్రసు కాగితం, టార్చి, విజిల్ అన్నీ మంచం పక్క గోడకి. కాగితం నేనే కన్నడంలో రాశాను. మా ఊళ్లో సగం కన్నడమే కాబట్టి 112 వాళ్లతో నాకు మాటకి ఇబ్బంది లేదు.

ఎదురింటి ఆవిడకి చెప్తే ఆమెకూ ఇదే భయం ఉందట, వాళ్లాయన దుబాయ్‌లో. రాత్రి విజిల్ వినబడితే నువ్వు లైట్లు వెయ్యి, 112 చెయ్యి, బయటికి మాత్రం రావద్దు అని అనుకున్నాం. ఆమె విజిల్ కొనుక్కొచ్చుకుంది.

స్ప్రే కొనలేదు. చూస్తాను.

అనంతపురం_ఫౌజీ
ముందు తలుపు రేకు, స్క్రూలు మార్చాను. పడగ్గదికి బోల్టులు అయ్యాయి, కింద టైలు తొలిచి కన్నం అంగుళంన్నర దింపించాం. మేజిక్ ఐ కిందికి దించాం, ఇప్పుడు ఆమె మడమలెత్తక్కర్లేదు. మేడ తలుపు మిగిలింది. ఓనరు సగం ఖర్చు పెట్టుకుంటానన్నాడు, అతనికీ తన ఇల్లేగా. వెల్డింగ్ అతను 18 గేజి రేకు చాలంటున్నాడు. అన్నా, 18 చాలా, 16 వెయ్యమనాలా?

వేళచ్చేరి_తలుపులు
16 వెయ్యమనండి, గేజి నంబరు తగ్గేకొద్దీ రేకు మందం. ఫ్రేము యాంగిల్‌ని గోడలోకి నాలుగుచోట్ల దింపి సిమెంటు చెయ్యాలి, ఊరికే గోడకి కన్నం పెట్టి స్క్రూకి దోపే రావల్‌ప్లగ్గులు కాదు. బందులు లోపలివైపుకి. తాళం పెట్టే కొండీ కూడా లోపలే, బయట ఏమీ కనబడకూడదు. అయ్యాక ఫోటో పెట్టండి.